తోడికోడలి అలసట

నగల మీద కుళ్ళుకునేవాళ్ళున్నారు. మేడల మీద, జీతాల మీద, ఎదుటివాళ్ళ పిల్లల మార్కుల మీద కుళ్ళుకునేవాళ్ళున్నారు. ఆ ఇంటి పెద్దకోడలు మాత్రం తోడికోడలి అలసట మీద కుళ్ళుకునేది.

నవ్వకండి. అలసట కూడా ఆస్తే. ఎవరి అలసటకు ఇంట్లో విలువ ఉంటుందో వాళ్ళకే మొదటి కంచం, ఫ్యాను కింద చోటు, "పాపం" అనే మాట. ఆ ఇంట్లో ఈ మూడూ చిన్నకోడలి పేరు మీదే ఉన్నాయి. ఆమెను అందరూ చిట్టి అని పిలుస్తారు. పెద్దాస్పత్రిలో ఎముకల వార్డు నర్సు. కాళ్ళు విరిగినవాళ్ళని, తుంటి విరిగిన ముసలివాళ్ళని మంచం మీద అటూ ఇటూ తిప్పడం, లేపి కూర్చోబెట్టడం, మళ్ళీ పడుకోబెట్టడం ఆమె పని. ఆమె గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అత్తగారు గోరువెచ్చని నీళ్ళు బేసిన్‌లో పోసి సిద్ధం చేసేది. "పాపం, పొద్దుననగా వెళ్ళింది. ఆ పాదాలు చూడండి, ఎలా వాచిపోయాయో" అని ఇంట్లోవాళ్ళందరినీ పిలిచి మరీ చూపించేది.

పెద్దకోడలు కూడా పొద్దుననగా వెళ్ళేదే. ఆమె ఆరోగ్య పరిశోధకురాలు. దేని మీద పరిశోధన అంటారా? ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళ అలసట మీదే. బర్న్‌అవుట్ అంటారు దాన్ని. ఒళ్ళు అలిసిపోతే ఒక నిద్ర తీస్తే తీరుతుంది. ఇది అలాంటిది కాదు. మనసే చేతులెత్తేస్తుంది. రోగి మూలుగుతుంటే 'మూలగనీ' అనిపిస్తుంది. చేసే పనిలో తృప్తి ఎంత, విసుగు ఎంత అని నర్సులని, ల్యాబువాళ్ళని, ఆయాలని కూర్చోబెట్టి అడిగి, మార్కులు వేసి, ఏ వార్డు ఎంత నలిగిపోతోందో తేల్చడం ఆమె వృత్తి. అందులో ఆమెకు మంచి పేరే ఉంది. ఎంతటి మొండివాళ్ళయినా ఆమె ముందు నోరు విప్పేవాళ్ళు. దుప్పట్లు దాచే గదిలో, పాత స్ట్రెచర్ల మధ్య, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కూర్చుని వినేది.

వినడంలో ఉండే అలసట కంటికి కనిపించదు. వచ్చిన చిక్కల్లా అదే. పాదం వాస్తే బేసిన్ వస్తుంది. చెవులు వాచిపోతే ఎవరికి తెలుస్తుంది?

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చి సంచీ కుర్చీలో పడేసి, "తల పగిలిపోతోంది అత్తయ్యా" అంది.

"ఏమైందే?"

"పొద్దున్నుంచి ఒకటే ఏడుపులు. ఒకావిడైతే మాట్లాడినంతసేపూ నా చెయ్యి వదల్లేదు."

"ఏడ్చింది వాళ్ళు, నొప్పి నీకా?" అని అత్తగారు నవ్వేసింది. "ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యవే. చిట్టి వచ్చే వేళయింది, కాస్త ఆ బేసిన్ అందుకో."

పెద్దకోడలు బేసిన్ అందుకుంది. అందుకోవడమే కాదు, నీళ్ళు నింపి మోసుకెళ్ళింది కూడా. చిట్టి సిగ్గుపడిపోయి, "అయ్యో అక్కా, నువ్వు తెచ్చావేంటి! నువ్వూ ఇప్పుడే వచ్చినట్టున్నావు" అంటూ చేతిలోంచి లాక్కుంది.

చిట్టితో కష్టం ఇదే. మనిషి మంచిది. తోడికోడలు గయ్యాళిదైతే హాయిగా తిట్టుకోవచ్చు, పుట్టింటికి ఫోను చేసి చెప్పుకోవచ్చు. మంచిదైతే కుళ్ళుకోవడానికి సాకైనా దొరకదు. ఆ కుళ్ళు లోపలే మగ్గి మగ్గి ఇంకాస్త పుల్లబడుతుంది. రాత్రి పక్క మీద మొగుడితో అందామని చూసింది. ఆయన అటు తిరిగి, "చిట్టితో నీకు పోటీ ఏంటే? ఆ అమ్మాయి రోజూ మనుషుల్ని మోస్తోంది" అని దుప్పటి కప్పుకున్నాడు. ఆ ఇంట్లో అలసటకు ఒక్కటే కుర్చీ ఉందనీ, అందులో చిట్టి కూర్చునే ఉందనీ ఆమెకు ఖాయమైపోయింది.

ఇలా ఉండగా ఆ పెద్దాస్పత్రి సూపరింటెండెంటుకి ఒక ఆలోచన వచ్చింది. ఏ వార్డులో సిబ్బంది ఎక్కువ నలిగిపోతున్నారో శాస్త్రీయంగా తేల్చితే, ఆ వార్డులకి అదనంగా నర్సులని ఇస్తానన్నాడు. పని పెద్దకోడలి చేతికే వచ్చింది. వార్డుల పేర్లు చూస్తూ ఆమె పైఅధికారి, అందరూ పెద్దసారు అనే ఆయన, ఎముకల వార్డు దగ్గర ఆగాడు.

"మీ తోడికోడలు ఉండేది ఇక్కడే కదూ? సొంతవాళ్ళని మీరు అడక్కూడదు, రూలు. మన కళ్ళజోడాయనకి ఇచ్చెయ్యండి, ఆయన అడుగుతాడు" అన్నాడు. కళ్ళజోడాయన పక్క బల్ల దగ్గర కూర్చునే తోటి పరిశోధకుడు. అతనికి అప్పుడు చేతినిండా ఖాళీయే.

పెద్దకోడలు వెంటనే సరే అనలేదు. ఎముకల వార్డుకి మార్కులు ఎక్కువొస్తాయని ఆమెకు తెలుసు. ఇద్దరు ఎత్తాల్సిన మనిషిని అక్కడ ఒక్కరే ఎత్తుతున్నారని ఆస్పత్రిలో తెలియనిదెవరికి? అప్పుడేమవుతుంది? ఇంతవరకూ చిట్టి అలసట అత్తగారి నోటిమాట. రేపటి నుంచి అది సైన్సు. కింద సంతకం ఎవరిది? తనది. తోడికోడలికి అలసటలో పట్టా రాసి, తన చేతులతో తనే ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చినట్టవుతుంది. అత్తగారు దాన్ని ఫ్రేము కట్టించినా కట్టిస్తుంది.

"వద్దు సార్" అంది. "ఎవరు అడిగినా నివేదిక రాసేది నేనే కదా. సొంతవాళ్ళకి పెట్టుకుందంటారు. ఆ వార్డుని పూర్తిగా వదిలేద్దాం."

పెద్దసారు ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు. "మీలాంటివాళ్ళు ఉండబట్టే ఇంకా మన మాటకి విలువుంది" అన్నాడు. ఆ పొగడ్త తియ్యగానే ఉంది. కడుపులో మంట మీద నాలుగు నీళ్ళచుక్కలు చల్లినట్టయింది. అబద్ధం చెప్పానన్న బాధ కూడా ఆమెకు కలగలేదు. చెప్పిన మాటలో అబద్ధం లేదు మరి. చెప్పని మాటలోనే ఉంది అంతా.

ఈ సంగతి ఆస్పత్రి మెట్లు దిగి, వార్డులన్నీ తిరిగి చిట్టి చెవిన పడింది. ఆ రోజు భోజనాల దగ్గర చిట్టి కళ్ళు మెరుస్తున్నాయి.

"అత్తయ్యా, మన అక్క ఎంత నిజాయితీ మనిషో మీకు తెలుసా? నేనున్నానని మా వార్డునే పక్కన పెట్టేసిందట. ఇంకొకళ్ళయితే ముందు సొంతవాళ్ళకే చేసిపెట్టేవాళ్ళు. మా హెడ్ నర్సు కూడా మెచ్చుకుంది."

"అవునా?" అంటూ అత్తగారు పెద్దకోడలి కంచంలో మరో గరిటె కూర వేసింది. "ఎంతైనా నా పెద్దకోడలు. ఆ బుద్ధి ఉందిలే దానికి."

ఆ ఇంట్లో తన పనికి ఆమె అందుకున్న మొదటి మెచ్చుకోలు అది. అదీ దొంగసొత్తు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఆ కూరంతా తినేసింది.

నివేదిక వెళ్ళింది. ఒక్కో వార్డుకి ఒక్కో గీత, పొడుగ్గానో పొట్టిగానో. ఎముకల వార్డు పేరు దగ్గర మాత్రం ఖాళీ. కింద చిన్న అక్షరాలతో, ఈ వార్డుని అధ్యయనంలో చేర్చలేదని రాసే ఉంది. చిన్న అక్షరాలు చదివేవాళ్ళు పెద్ద కుర్చీల్లో కూర్చోరు. ఈలోగా అదనపు నర్సులకి పైనుంచి అనుమతి రాలేదు. మాట ఇచ్చిన సూపరింటెండెంటు వేరే దారి వెతికాడు. పొట్టి గీతలున్న వార్డుల నుంచి మనుషులని తీసి పొడుగు గీతలున్న వార్డులకి పంపమన్నాడు. అన్నిటికన్నా పొట్టి గీత ఏది? అసలు గీతే లేని వార్డు. ఎముకల వార్డు నుంచి ఇద్దరు నర్సులు వెళ్ళిపోయారు.

పెద్దకోడలు ఆ ఉత్తరువుని గోడ మీద రెండుసార్లు చదివింది. ఖాళీని సున్నా అనుకున్నారని ఆమెకు ఇట్టే అర్థమైంది. వెంటనే మేడ మెట్లెక్కి సూపరింటెండెంటుకి ఒక్క మాట చెబితే సరిపోయేది. మెట్ల దాకా వెళ్ళింది కూడా. అప్పుడొక ప్రశ్న ఎదురొచ్చింది. 'కళ్ళజోడాయన ఖాళీగా ఉండగా ఆ వార్డుని ఎందుకు వదిలేశారమ్మా?' అంటే ఏం చెప్పాలి? రేపు చెబుదాంలే అనుకుని దిగొచ్చేసింది. మింగలేక కక్కలేక 'రేపు' అంటూ ఎన్నాళ్ళు గడిపిందో ఆమెకే తెలియాలి.

ఇక ఇంట్లో పరిస్థితి చెప్పనక్కర్లేదు. చిట్టి ఆలస్యంగా వస్తోంది, వచ్చినా నడుం పట్టుకుని వస్తోంది. అత్తగారి "పాపం" ఒకటి కాస్తా పది అయింది. పెద్దకోడలు చూస్తూ కూర్చుంది. తోడికోడలి ఆస్తిని తగ్గిద్దామనుకుని తన చేత్తో తనే రెట్టింపు చేసింది. ఇంత తప్పు చేసి కూడా ఆ "పాపం" విన్నప్పుడల్లా ఆమెకు కడుపు మండుతూనే ఉంది. సిగ్గు ఒక పక్క, కుళ్ళు ఒక పక్క. ఒకదానికొకటి అడ్డొస్తాయేమో అనుకుంది గానీ రెండూ సర్దుకుని పక్కపక్కనే కూర్చున్నాయి.

చిట్టికి ఒక అలవాటుండేది. భోజనాల దగ్గర వార్డు కబుర్లు చెప్పేది. రోగులందరికీ ముద్దుపేర్లు పెట్టేది. డాక్టరు రౌండ్లకి వచ్చేముందు తల దువ్వమని గొడవ చేసే తుంటి విరిగిన పెద్దాయనకి దువ్వెన తాత అని పేరు. ఉన్న నాలుగు వెంట్రుకలకీ పాపిడి ఎటు తియ్యాలో ఆయన ఎలా చెబుతాడో చిట్టి చేసి చూపిస్తుంటే అత్తగారికి నవ్వి నవ్వి దగ్గొచ్చేది.

ఒక రోజు అత్తగారే అడిగింది. "ఏమే చిట్టీ, దువ్వెన తాతకి ఎలా ఉంది?"

చిట్టి కంచంలోంచి తలెత్తింది. "ఎవరూ?"

"అదేనే, దువ్వెన తాత."

"ఓ, ఏడో మంచమా" అంది చిట్టి. "ఏమో అత్తయ్యా. ఉన్నాడనుకుంటా."

అని మళ్ళీ తినడంలో పడింది. అత్తగారు, "పాపం, నిద్ర చాలట్లేదు" అని మంచినీళ్ళు పోసింది.

పెద్దకోడలి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నిద్ర చాలకపోవడం కాదిది. మనుషులు మంచాలైపోవడం. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూసింది తను! నివేదికల్లో దాని గురించి పేజీలకి పేజీలు రాసింది. ఆ గదిలో దాని పేరు తెలిసిన మనిషి ఒక్కతే. దానికి కారణమైన మనిషీ ఆమే. ఇన్నాళ్ళూ చిట్టి అలసట మీద కుళ్ళుకుంది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది చూస్తే ఎవరికీ, పగవాళ్ళకి కూడా అక్కర్లేనిది.

మర్నాడు పెద్దసారు దగ్గరికి వెళ్ళి ఖాళీ సంగతి చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. వార్డుల సమావేశంలో సూపరింటెండెంటుకి చెబుదామన్నాడు. "మీరేం కంగారుపడకండి. ఎందుకు వదిలేశారని అడిగితే సాంకేతిక కారణాలనండి. ఆ మాట అన్నాక ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు" అని ధైర్యం కూడా చెప్పాడు.

సమావేశం పెద్ద హాల్లో. ప్రతి వార్డు నుంచీ నర్సులు వచ్చారు. పెద్దకోడలు లేచి, ఖాళీ అంటే సున్నా కాదని చెప్పింది.

"మరి ఖాళీ అంటే ఏంటమ్మా?" అన్నాడు సూపరింటెండెంటు.

"అడగలేదని సార్."

"ఎందుకు అడగలేదు? మీకు బంధువులుంటే ఇంకొకరు అడగొచ్చుగా. అక్కడ మీ కళ్ళజోడాయన ఉన్నాడు కదా?"

సాంకేతిక కారణాలు నాలుక చివరిదాకా వచ్చాయి. అప్పుడే వెనక వరసలో చిట్టి కనిపించింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పక్కనున్న నర్సు ఆమె తల వాలిపోకుండా భుజం ఆనించింది.

"కారణం నేనే సార్" అంది పెద్దకోడలు. "ఆ వార్డులో మా తోడికోడలు పనిచేస్తుంది. ఇంట్లో అందరూ ఆమె అలసిపోయిందంటారు, నన్నెవరూ అనరు. ఆమె అలసటకి నా చేత్తో నేను మార్కులు వెయ్యలేకపోయాను. ఓర్వలేక వదిలేశాను. రూలు వంక పెట్టుకున్నాను."

హాల్లో ఎవరో ఫక్కున నవ్వి మధ్యలో ఆపేసుకున్నారు. పెద్దసారు బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. సూపరింటెండెంటు ఇద్దరు నర్సులనీ తిరిగి పంపమన్నాడు, ఎముకల వార్డుని కళ్ళజోడాయన అడగాలన్నాడు, నివేదిక కూడా అతనే రాయాలన్నాడు. పెద్దకోడలు ఆ పని నుంచి తప్పుకోవాలి. ఆమె తల ఊపింది. నిజం చెప్పాక ఒళ్ళు తేలికవుతుందంటారు. ఆమెకు అదేమీ కాలేదు.

అందరూ వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ఒకరిద్దరు ఆమెను వింతగా చూశారు. ఇంత జరిగినా ఎవరి కోసం నోరు విప్పిందో ఆ మనిషి ఒక్క ముక్కా వినలేదు. పెద్దకోడలు వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంది. లేపకుండా ఇంటికి పోతే? ఎవరో ఒకరు చెబుతారు కదా? ఆ ఆలోచనా వచ్చింది. కానీ కూర్చునే ఉంది.

చిట్టి కళ్ళు తెరిచి ఉలిక్కిపడింది. "అయిపోయిందా? అయ్యో! ఏం చెప్పావక్కా?"

ఒకసారి హాలంతటికీ చెప్పిన మాట ఒక్క మనిషికి చెప్పడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. చెప్పింది. ఇద్దరు నర్సులు ఎందుకు వెళ్ళిపోయారో చెప్పింది. నిజాయితీ అని చిట్టి మురిసిపోయినదాని లోపల ఏముందో చెప్పింది.

ఏడుస్తుందేమో, చెయ్యి చేసుకుంటుందేమో అని కూడా పెద్దకోడలు అనుకుంది. చేసుకున్నా బాగుండేది.

"నాకిప్పుడు కోపం రావాలి కదక్కా" అంది చిట్టి చివరికి. "రావట్లేదు. తిట్టడానికైనా ఓపిక కావాలి కదా. అదీ లేదు." లేచి నడుం సర్దుకుంది. "ఓపిక వచ్చాక తిడతాను. మర్చిపోననుకో. ఇప్పుడు మందులిచ్చే టైమయింది."

అని వార్డుకి వెళ్ళిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఎందరి దగ్గరో అలసట గురించి విన్న పెద్దకోడలు అంత అలసటని ఎప్పుడూ వినలేదు. ఖాళీ హాల్లో కూర్చుని, ఎవరైనా చూస్తారన్న బెంగ కూడా లేకుండా ఏడ్చింది.

నర్సులిద్దరూ తిరిగొచ్చారు. కళ్ళజోడాయన పద్ధతిగా అడిగాడు. ఎముకల వార్డుకే అన్నిటికన్నా పొడుగు గీత వచ్చింది, పొట్టి గీత వార్డు నుంచి పైన ఇంకొక నర్సుని కూడా ఇచ్చారు. "నా చిట్టి కష్టం ఊరికే పోలేదు" అని అత్తగారు సంబరపడింది. పెద్దకోడలు చేసింది ఇంట్లో ఎవరికీ తెలియదు. చిట్టి చెప్పలేదు. పెద్దకోడలు చెబుదామని ఎన్నిసార్లో వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, పోపు మాడుతోందనో పాలు పొంగుతున్నాయనో వెనక్కొచ్చింది. కడుపులో దాచుకుని కూడా "అక్కా" అని మర్యాదగా పిలుస్తున్న చిట్టిని చూస్తే మళ్ళీ పాత మంటే. మంచితనంలోనూ చిట్టే ముందుండాలా? కుళ్ళు ఒక్క మందుకి తగ్గే జబ్బు కాదు. దాంతోపాటు భయమూ ఉంది. చిట్టి ఇంకా తిట్టలేదు. అంటే ఇంకా ఓపిక రాలేదన్నమాట. రోజూ చిట్టి మొహం చూసేది, ఇవాళేమైనా తిట్టేలా ఉందా అని.

చిట్టికి సెలవు దొరికిన ఒక ఉదయం పెద్దకోడలు కూరగాయలు తరుగుతుంటే చిట్టి వచ్చి ఎదురుగా నిలబడింది. తలస్నానం చేసింది, కడుపునిండా నిద్రపోయినట్టుంది.

"అక్కా, ఖాళీయేనా?"

"ఖాళీయే."

"అయితే విను" అని మొదలుపెట్టింది. మామూలు తిట్లా అవి! ఒక్కతే మనుషులని ఎత్తిన పొద్దులన్నీ, మంచం పట్టుకుని నడుం నొప్పికి ఊపిరి బిగపట్టిన క్షణాలన్నీ బయటికొచ్చాయి. "దువ్వెన తాత తల దువ్వమని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని వెళ్ళిపోయానక్కా. నేను! ఆయన్ని! నీకు 'పాపం' కావాలంటే నన్నడిగితే సరిపోయేది, నేనే అనేదాన్ని కదా! అంత చదువుకుని, ఊళ్ళోవాళ్ళందరి బాధలూ విని, కుళ్ళుమోతు దానా, ఇంట్లోదాన్ని చంపుకుతింటావా?"

పెద్దకోడలు కత్తి పక్కన పెట్టి ఒక్క మాట ఎదురు చెప్పకుండా వింది. ఒళ్ళంతా మండుతోంది, సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా లోపల ఎక్కడో బిగుసుకున్నది కొంచెం వదులైంది. తిడుతోంది! ఏడో మంచం అనలేదు, దువ్వెన తాత అంది!

గొడవ విని అత్తగారు కంగారుగా వచ్చింది. "ఏంటే ఆ కేకలు?"

"అక్కని తిడుతున్నానత్తయ్యా" అంది చిట్టి రొప్పుతూ.

"అదేం చేసిందే?"

చిట్టి నోరు మూసుకుని పెద్దకోడలి వైపు చూసింది. చెప్పడం, చెప్పకపోవడం ఆమెకే వదిలేసింది. ఇక ఈసారి పోపూ లేదు, పాలూ లేవు.

"తిట్టాల్సిన పనే చేశానత్తయ్యా. చిట్టి వార్డు నుంచి మనుషులని తీసేసింది నా వల్లే. మీరు ఎప్పుడూ దాన్నే పాపం అంటారని ఓర్వలేకపోయాను."

అత్తగారు నోరు తెరిచి ఒకసారి పెద్దకోడల్ని, ఒకసారి చిన్నకోడల్ని చూసింది. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో మరి. వెళ్ళి చిట్టి నడుం మీద చెయ్యి వేసింది.

"తిట్టవే, తిట్టాల్సిందే. కానీ అలా నుంచుని ఎంతసేపని తిడతావ్? అలిసిపోతావే పాపం. కూర్చుని తిట్టు."

పెద్దకోడలికి కడుపులో సర్రుమంది. కుర్చీ మాత్రం తనే తెచ్చి వేసింది.